నాలుగు తీగల నేస్తము

కళాశాల వార్షిక సంచికకు పూర్వ విద్యార్థులు కూడ ఏదైనా వ్రాసి పంపవలసినదని సంపాదకవర్గమువారు కోరినప్పుడు మాకు సంతోషము, సంకోచము రెండును కలిగినవి. మేము ఇద్దరము. ఒకరిది తెలుగు మాధ్యమము, మరొకరిది ఉర్దూ మాధ్యమము. 1982లో ఒకే రోజున పట్టాలు పుచ్చుకొని ఈ ఆవరణ విడిచినవారము. ఆనాడు మన సంచికలో తెలుగు పుటలు ఎడమవైపునుండి, ఉర్దూ పుటలు కుడివైపునుండి మొదలై నడుమ ఎక్కడనో కలుసుకొనేవి. ఒకరు వ్రాసినది మరొకరు చదువలేక, మెట్లమీద కూర్చుండి ఒకరికొకరము నోటితో వినిపించుకొనేవారము. ఈ వ్యాసము కూడ అట్లే ఇద్దరము చెప్పుకొనగా, తెలుగు లిపి వచ్చినవారు కాగితముమీద పెట్టినది. కనుక ఇందులో 'మేము' అని వ్రాయుచున్నది గౌరవార్థము కాదు, లెక్కప్రకారమే.

ఉద్యోగముల నిమిత్తము మేము వేరువేరు సంవత్సరములలో ఇంగ్లండు చేరి, చివరకు లెస్టర్ నగరములో స్థిరపడినాము. ఒకరము ఆస్పత్రి ప్రయోగశాలలో, ఒకరము పాఠశాలలో గణితము చెప్పుచు పనిచేసి విశ్రాంతి పొందినాము. విశ్రాంతి అనునది దూరమునుండి చూచుటకు మాత్రమే అందముగా ఉండును. పిల్లలు వారి వారి పనులమీద పోయిన తరువాత సాయంకాలము నాలుగు గంటలకే చీకటి పడు శీతకాలపు దినములలో ఇంటిలో గడియారము చప్పుడు తప్ప మరొకటి వినిపించదు. భారతీయుల దుకాణములకు ఆ నగరములో కొదువ లేదు. కొత్తిమీర దొరకును, బాసుమతి దొరకును. మాట్లాడుటకు మనిషి దొరకుటయే కష్టము.

2022లో ఆ ప్రాంతపు గ్రంథాలయములో గోడమీద ఒక ప్రకటన చూచినాము. ప్రతి గురువారము సాయంకాలము రెండు గంటలసేపు యుకులేలీ వాద్యము నేర్చుకొను సంఘము కూడుననియు, సంగీతజ్ఞానము అవసరము లేదనియు, వాద్యము లేనివారికి అరువు ఇవ్వబడుననియు అందులో ఉన్నది. ఇంగ్లండులో ఇట్టి సంఘములు ఊరూర కలవు. వానిలో అనేకము మద్యశాలల మేడగదులలో నడుచును. అక్కడికి పోవుటకు మా ఇద్దరి ఇండ్లలోను అంగీకారము ఉండదు, మాకును ఇచ్ఛ లేదు. ఇది గ్రంథాలయపు వెనుక హాలు, ఇచ్చునది తేనీరు, రుసుము రెండు పౌండ్లు. వెళ్లి చూచుటలో నష్టమేమి అనుకొన్నాము.

అక్కడ సుమారు ఇరువదిమంది అర్ధచంద్రాకారముగా కుర్చీలు వేసుకొని కూర్చున్నారు. సంఘమును నడుపువారు ఒక విశ్రాంత బస్సు డ్రైవరు. తక్కినవారిలో ఒక నర్సు, ఒక తపాలా బంట్రోతు, ఉద్యోగము వెదకుకొను యువకుడొకడు. 1972లో ఉగాండానుండి ఇదీ అమీన్ ప్రభుత్వము వెళ్లగొట్టినప్పుడు తల్లిదండ్రులవెంట పసిపిల్లగా వచ్చిన గుజరాతీ ఆమె ఒకరు మమ్ములను చూడగానే తన ప్రక్కనున్న రెండు కుర్చీలు చూపినది. ఆ కుర్చీలు నేటికిని మావే.

యుకులేలీ చూచుటకు పిల్లల ఆటవస్తువు వలె ఉండును. గిటారును పావువంతుకు కుదించినట్లు ఊహించుకొనవచ్చును. మిక్కిలి చిన్నరకము పొడవు ఇరువదియొక్క అంగుళములు మాత్రమే. తీగలు నాలుగు, అవియు నైలానువి. పూర్వము నరముతో చేసినవి వాడేవారు. లోహపు తీగల గిటారు నొక్కినచో వేలికొనలు కోసుకొనిపోవును. ఇది అంతటి బాధ పెట్టదు. మెడమీద వీణకున్నట్లే మెట్లు కలవు, మెట్టునకు మెట్టునకు అర్ధస్వరము భేదము. వీణకు ఇరువదినాలుగు మెట్లుండగా దీనికి పండ్రెండో పదునైదో ఉండును.

దీని శ్రుతిలో ఒక విచిత్రమున్నది. తీగలు పైనుండి క్రిందికి వరుసగా హెచ్చుచు పోవు. ముఖమునకు దగ్గరగా ఉన్న మొదటి తీగ అన్నిటికన్న మందముగా పలుకవలెనని మనమనుకొందుము. కాని అది రెండవ తీగకంటె హెచ్చు స్థాయిలో పలుకును. మొదటి సాయంకాలమే డ్రైవరుగారు నాలుగు తీగలను ఏ మెట్టును నొక్కకుండ ఒక్కసారి పైనుండి క్రిందికి మీటించినారు. ఆ ధ్వని వినగానే మాలో ఒకరము "మోహన" అన్నాము. అదే క్షణములో రెండవవారము "భూపాలీ" అన్నాము. రెండును ఒకటే. ఆ నాలుగు తీగలు పలుకునవి వరుసగా ప, స, గ, ధ. రిషభమొక్కటి చేర్చినచో ఐదు స్వరముల మోహనరాగము సిద్ధము. దానినే హిందుస్తానీవారు భూప్, భూపాలీ అందురు. కర్ణాటక సంగీతమున భూపాలము అనునది వేరే రాగము, అందులో రి, గ, ధలు కోమలములు. ఈ రెండు పేర్లతో కళాశాలరోజులలో మేము పోట్లాడుకొన్నది జ్ఞాపకము వచ్చి నవ్వుకొన్నాము. డ్రైవరుగారికి మా నవ్వునకు కారణము తెలియజేయుటకు ఆనాటి తేనీటి విరామమంతయు సరిపోయినది.

ఇక ఈ వాద్యము పుట్టుక సంగతి. దీనిని అందరును హవాయి వాద్యమందురు. నిజమునకు దీని పూర్వులు అట్లాంటిక్ మహాసముద్రములోని మదీరా అను పోర్చుగీసు ద్వీపమునుండి వచ్చినవి. హవాయిలో చెరకుతోటలు పెరిగినకొలది కూలీలు కావలసివచ్చి యజమానులు దేశదేశములనుండి మనుష్యులను రప్పించినారు. అట్లు రేవెన్స్‌క్రాగ్ అను ఓడ నాలుగు వందల పైచిలుకు మదీరావాసులతో సుమారు నాలుగు నెలలు ప్రయాణము చేసి 1879 ఆగస్టు 23న హొనొలూలు రేవు చేరినది. అందులో మాన్యుయెల్ నునెష్, అగుస్తో దియాష్, జోసె దో ఎస్పిరితు సాంతో అను ముగ్గురు వడ్రంగులుండిరి. తోటపని ఒడంబడికలు తీరిన తరువాత వారు పట్టణములో దుకాణములు పెట్టి, తమ దేశపు చిన్నవాద్యమైన మషెత్ ఆకారమునకు మరొక వాద్యమైన రజావ్ శ్రుతిని జతచేసి, అక్కడి కోవా కర్రతో ఈ క్రొత్త వాద్యమును తయారుచేసినారు. ఓడ దిగిన కొలదిదినములకే ఆ వలసజనులు రాత్రులందు వీధులలో పాడి వాయించి ఊరివారిని రంజింపజేయుచున్నారని హొనొలూలు పత్రిక వ్రాసినది.

ఆ 1879 సంవత్సరమును చదివినప్పుడు మాకు మరొక ఓడ తోచినది. అదే సంవత్సరము మే 14న లియొనిడాస్ అను ఓడ కలకత్తానుండి మన కూలీలను తీసికొని ఫిజీ చేరినది. అక్కడను చెరకే. 1903నుండి మద్రాసు రేవుమీదుగా తెలుగువారును ఫిజీకి పోయినారు. అంతకు చాల ముందే మారిషస్ చేరిన తెలుగువారిని అక్కడివారు కోరంగీలని పిలిచేవారు. అది గోదావరి ముఖమునున్న కోరంగి రేవు పేరు. వారి మూటలలో ఏ తాళములుండినవో, ఏ తంబుర ఉండినదో ఏ పత్రికయు వ్రాయలేదు. మదీరా వడ్రంగులకు ఆ విషయమున అదృష్టము కలిసివచ్చినది. అప్పటి హవాయి రాజు కలకౌవా సంగీతప్రియుడు. ఆయన తానే ఈ వాద్యమును వాయించి ఆస్థానమున గౌరవమిచ్చినాడు. ఆయన 1881లో భూప్రదక్షిణము చేయుచు కలకత్తా, బొంబాయి నగరములను కూడ చూచినాడు. ఆ ప్రయాణమునకు ఒక ఉద్దేశము తోటలకు కూలీలను సమకూర్చుటయే. ఆయన వెంట మన కూలీలెవరైన హవాయి పోయియుండినచో ఈ వాద్యమునకు అయిదవ తీగ చేరియుండెడిదేమో అని మేము సరదాకు అనుకొందుము.

పేరును గూర్చి రెండు మాటలు. హవాయి భాషలో ఉకు అనగా కుక్కల ఒంటిమీద గెంతు చిన్న పురుగు, లెలె అనగా దూకుట. వాయించువాని వ్రేళ్లు అట్లు గెంతుచుండుటచేత ఆ పేరు వచ్చినదని పలువురందురు. రాణి లిలియువొకలాని మాత్రము దీనికి 'ఇక్కడికి వచ్చిన కానుక' అను అర్థము చెప్పినారు. మాకు రాణిగారి అర్థమే నచ్చినది. ఆంగ్లేయులు యుకులేలీ అందురు. హవాయివారు ఊకులెలె అందురు. హవాయి భాషలో మాటలన్నియు అచ్చులతోనే ముగియును. తెలుగువలె అదియు అజంతభాషయే. మాలో తెలుగు శాఖవారు ఈ సంగతిని సంఘములో ఇప్పటికి ముమ్మారు చెప్పియున్నారని ఉర్దూ శాఖవారి ఫిర్యాదు.

హవాయి రాజ్యమును 1893లో కూలద్రోసి, 1898లో అమెరికా తనలో కలుపుకొన్నది. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన గొప్ప ప్రదర్శనలో హవాయివారి సంగీతము విని అమెరికా ప్రజలు వెర్రెత్తిపోయినారు. రాజ్యము పోయినవారి వాద్యము గెలిచినవారి ఇంటింట చేరినది. ఇంగ్లండులో దీనికి ప్రచారము తెచ్చినవాడు లాంకషైరుకు చెందిన జార్జ్ ఫార్మ్‌బీ. ఆయన వాయించినది బాంజో వంటి గుండ్రని చర్మపు డొక్కకు యుకులేలీ మెడ అతికించిన రకము. కిటికీలు తుడుచువానిని గూర్చి ఆయన 1936లో పాడిన హాస్యపు పాటను బి.బి.సి. నిషేధించినది, మా సంఘములో అది లేని సాయంకాలము లేదు. బీటిల్స్ బృందపు జార్జ్ హారిసన్ కూడ దీనికి దాసుడే. మన రవిశంకర్‌గారికి శిష్యుడైన ఆయన స్మృత్యర్థము 2002 నవంబరు 29న లండనులోని రాయల్ ఆల్బర్ట్ హాలులో జరిగిన సభ సితారుతో మొదలై, చివర జో బ్రౌన్ యుకులేలీ వాయించి పాడిన పాటతో ముగిసినది. ఇప్పుడు అనేక ప్రాథమిక పాఠశాలలలో పిల్లలకు పూర్వపు ఊదు గొట్టమునకు బదులు దీనిని నేర్పుచున్నారు. ఉపాధ్యాయుల చెవులకు ఇది గొప్ప ఉపకారమని మాలోని గణితోపాధ్యాయుని అభిప్రాయము.

నేర్చుకొను విధానము మన గురుకులపద్ధతికి పూర్తిగా విరుద్ధము. సరళీస్వరములు లేవు, జంటస్వరములు లేవు. మొదటి పావుగంటలోనే పాట మొదలగును. తెరమీద పాటలోని మాటలు పెద్ద అక్షరములతో వేయుదురు. మాటలపైన కార్డులను సూచించు అక్షరములుండును. కార్డ్ అనగా మూడునాలుగు స్వరములను ఒక్కసారిగా పలికించుట. మన సంగీతమున ఇది లేదు. మనకు స్వరము ఒకదాని వెంబడి ఒకటి నడచును. వారికి స్వరములు ప్రక్కప్రక్కన నిలుచును. మాకు మొదట ఇది బోధపడలేదు. పాట ఎక్కడ వాయించుచున్నారని అడిగినాము. పాట గొంతులో ఉన్నది, చేతిలో ఉన్నది దానికి చాప మాత్రమే అని గుజరాతీ ఆమె చెప్పినది. ఇంతకంటె మంచి వివరణ మేము ఏ పుస్తకములోను చూడలేదు.

చివరి తీగను మూడవ మెట్టువద్ద ఉంగరపు వ్రేలితో నొక్కినచో ధైవతము షడ్జమమగును. ప స గ స, అదియే మొదటి కార్డ్. ఒక్క వ్రేలితో కార్డ్ పలుకు వాద్యము మరొకటి మాకు తెలియదు. రెండు వ్రేళ్లతో రెండవది: ధ స మ ధ. మూడు వ్రేళ్లతో మూడవది: ప రి మ ని. ఈ మూటిని కూడినచో సప్తస్వరములును వచ్చును. శంకరాభరణమనినను, బిలావల్ అనినను అదియే. ఈ మూడు కార్డులతో వందలకొలది పాటలు వాయింపవచ్చును. తరువాత వచ్చునవి కొన్ని కఠినములు. మెట్టుపొడవునా చూపుడువ్రేలిని అడ్డముగా పరచి నొక్కవలసిన కార్డ్ ఒకటున్నది. దానిని గూర్చి మాట్లాడుకొనుట సంఘములో మర్యాద కాదు.

వారికి ఒకే ఒక కఠిన నియమము కలదు: ఆగరాదు. కార్డ్ మారువేళకు వ్రేళ్లు చేరనిచో ఆ మాత్రను విడిచి తరువాతి మాత్రలో కలుసుకొనవలెను. ఇరువది వాద్యములు మ్రోగుచుండగా ఒకరిది నిశ్శబ్దమైన ఎవరికిని తెలియదు. పాఠశాలలో నలుబది సంవత్సరములు 'ఆగుము, మరల చేయుము' అని చెప్పిన మాస్టారుకు ఇది గిట్టలేదు. మూడు నెలలు వాదించి తరువాత ఊరకున్నారు.

సంగీతము విషయమున పెద్దలలో అభిప్రాయభేదము ఉన్న సంగతి కళాశాల కమిటీ సభ్యులకు మేము చెప్పనక్కరలేదు. మాలో ఒకరి అన్నగారు హైదరాబాదునుండి ఫోనులో, "ఈ వయసులో వాద్యమేమిటి, నమాజునకు వేళ ఉన్నదా?" అని అడిగినారు. "వేళ తప్పలేదు భాయిజాన్. దర్గాలలో ఖవ్వాలీ వింటూ పెరిగినవారమే గదా మనము" అని సమాధానము. "అది వేరు, ఇది వేరు" అని, కొంత ఊరకుండి, "వెల ఎంత?" అని అడిగినారు. ఖవ్వాలీ బృందములలో బెంజో అని పిలుచు బుల్‌బుల్‌తరంగ్ మీలో చాలమంది చూచియుందురు. టైపు మిషనువలె మీటలుండును. అది జపానులోని నగోయా నగరమున 1912లో మొరితా గొరో కల్పించిన తైషోగోతో అను వాద్యమునుండి వచ్చినది. అట్లే హవాయివారి గిటారు, తీగలపై ఉక్కుకడ్డీ జార్చి వాయించునది, 1940లలో టౌ మో అను హవాయి కళాకారుడు కలకత్తాలో నివసించినప్పుడు మనదేశమున వేళ్లూనుకొనినది. దానిమీదనే బ్రిజ్‌భూషణ్ కాబ్రా 1967లో రాగములు పలికించినారు. పరాయిది, స్వంతది అను లెక్క వాద్యములవద్ద నిలువదు.

2023 డిసెంబరులో ఒక ఉదయము మాలో ఉర్దూ శాఖవారి ఎడమచేతినుండి తేనీటి కప్పు జారిపడినది. నిమిషములలో ఎడమకాలును పట్టు విడిచినది. పక్షవాతము. మూడు వారములు ఆస్పత్రి. మాట పోలేదు, కాలు కొంత వచ్చినది, కర్రసాయముతో నడచుచున్నారు. ఎడమచేయి మోచేతివరకు కదలినది గాని వ్రేళ్లు ముడుచుకొని తెరచుకొనలేదు. ఎంతవరకు కోలుకొనునో వైద్యులు మాట ఇవ్వలేదు. ఆస్పత్రి ప్రయోగశాలలో ముప్పది ఏండ్లు ఇతరుల నెత్తురు పరీక్షించిన మనిషికి ఆ మౌనమునకు అర్థము చెప్పనక్కరలేదు. "మాస్టారూ, నా వాద్యమును ఎవరికైనా ఇచ్చివేయుము" అన్నారు. మాస్టారు తీసికొనిపోలేదు, మంచము ప్రక్కనే గోడకు ఆనించి వచ్చినారు. ఆ నెలలలో మా ఇద్దరి నడుమ మాట తగ్గినది. నలుబది ఏండ్ల స్నేహములో అంత మౌనము మేము ఎరుగము.

2024 మార్చిలో ఒక గురువారము కేవలము కూర్చుండి వినుటకని బలవంతముమీద హాలుకు వచ్చినారు. అందరును కుశలప్రశ్నలు వేసినారు. డ్రైవరుగారు మాత్రము ఒకటే అడిగినారు: "ఏ చేయి?" ఎడమ అని చెప్పగా తల పంకించి, వాద్యమును తన ఇంటికి తీసికొనిపోయినారు. మరుసటి గురువారము తీగలన్నియు తలక్రిందులు చేసి తెచ్చినారు. పైది క్రిందికి, క్రిందిది పైకి, నడుమ రెండును తారుమారు. రెండవ తీగ తక్కినవానికంటె లావు గనుక అది ఆనుకొను గాడి చాలక, సన్నని ఆకురాయితో దానిని వెడల్పు చేసినారట. ఎడమచేతివాటము వారికి చేయు ఏర్పాటు ఇది. ఇప్పుడు మెట్లు నొక్కవలసినది కుడిచేయి, మీటవలసినది ఎడమచేయి. మీటుటకు వ్రేళ్లతో పనిలేదు; మోచేయి కదలిన చాలును. పట్టుకొనలేని ముడుచుకొన్న వ్రేళ్లకు ఒక దట్టపు ఉన్నిగుడ్డ బిళ్లను సాగు పట్టీతో బొటనవ్రేలికి తగిలించినారు. మొదటి మీటు నాలుగు తీగలలో రెండింటికే తగిలినది. ఆ రెండును పలికినవి.

నేర్చినదంతయు ఇప్పుడు మరల మొదలు. కుడిచేతి వ్రేళ్లు మెత్తగా ఉండి మొదటినుండి కాయలు కాయవలసివచ్చినది. బుద్ధికి తెలిసిన కార్డ్ చేతికి తెలియదు. తెరమీది బొమ్మలన్నియు కుడిచేతివాటము వారికి గీసినవే. ఈ చిక్కునకు ఉపాయము తోచినది గణితము మాస్టారుకే. ప్రక్కప్రక్కన కూర్చుండుట మాని ఎదురెదురుగా కూర్చున్నాము. అప్పుడు ఒకరి ఎడమచేయి మరొకరి కుడిచేతికి సరిగా అద్దములోని ప్రతిబింబమైనది. ఒకరి వ్రేలు ఎటు పోయిన మరొకరి వ్రేలు అటే పోవలెను. బొమ్మ చూడనక్కరలేదు, లెక్క వేయనక్కరలేదు. మోకాళ్లు తగులునంత దగ్గరగా కుర్చీలు వేసుకొని, ప్రతి మంగళవారము ఇంటివద్దను, గురువారము హాలులోను, వేసవి అంతయు అట్లే సాధన చేసినాము. మా ఎడమనుండి, మీ కుడినుండి అని సంచిక పుటలను జ్ఞాపకము చేసికొని భాయి ఒకనాడు నవ్వినారు. జబ్బుచేసిన తరువాత మేము విన్న మొదటి నవ్వు అది.

ఎడమచేతి వ్రేళ్లు ఇప్పటికిని పూర్తిగా తెరచుకొనలేదు. మోచేయి, మణికట్టు మునుపటికంటె వదులుగా ఆడుచున్నవి. అది వాద్యము వలననో, వ్యాయామము వలననో, కాలము వలననో చెప్పలేమని వ్యాయామచికిత్స చేయు ఆమె అన్నది. మేమును చెప్పము. చేతిని దిండుక్రింద దాచుకొను అలవాటు మాత్రము పోయినది.

2024 డిసెంబరులో సంఘమువారు ఒక వృద్ధాశ్రమములో పాడుటకు పోయినారు. మాకు ఒక పాట వంతు వచ్చినది. ఏది పాడవలెనని చాల తర్జనభర్జన చేసి, చివరకు ఒక తెలుగు జోలపాట నిర్ణయించినాము. విశేషమేమనగా దానిని సూచించినది ఉర్దూ శాఖవారు. చిన్ననాట పొరుగింటి తెలుగు తల్లి తన బిడ్డను ఊచుచుండగా గోడ ఇవతలనుండి విని నేర్చినదట. మాస్టారుకు రాని చరణము ఆయనకు వచ్చును. మూడు కార్డులే, నెమ్మది నడక. ఎదురెదురుగా కూర్చుండి పాడినాము. పూర్తియగుసరికి వృద్ధులలో సగముమంది నిదురపోయినారు. జోలపాటకు ఇంతకంటె ప్రశంస లేదని డ్రైవరుగారు అందరికి చెప్పినారు. ఆ రాత్రి భాయిజాన్ ఫోను చేసి, "ఆ డబ్బా ప్రక్కనే ఉన్నదా? ఫోను బల్లమీద పెట్టి వాయించు" అన్నారు. పాటంతయు విన్నారు. బాగున్నదనలేదు, బాగులేదనలేదు. "చేయి నొచ్చుచున్నదా?" అని మాత్రము అడిగినారు.

ఈ వ్యాసముతోపాటు మా మేనల్లుని చేత రెండు యుకులేలీలు కళాశాలకు పంపుచున్నాము. కమిటీవారు అనుమతించినచో గ్రంథాలయములో పుస్తకములవలె విద్యార్థులకు వారమునకు ఇంటికి ఇవ్వవచ్చును. అక్కడ మా ఊరి గ్రంథాలయము చేయునదియు అదే. ఒకటి కుడిచేతివాటము వారికి, ఒకటి ఎడమచేతివాటము వారికి తీగలు కట్టించినాము. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుండి నేర్చుకొనవచ్చును. వెల తక్కువవే గాని చెక్కవి. బొమ్మల దుకాణములో దొరకు ప్లాస్టిక్ వానిలో కొన్ని శ్రుతి నిలుపవు. బిరడలను మెల్లగా త్రిప్పి ప, స, గ, ధ అని సరిచేసికొనవలెను. హార్మోనియము ఉన్నచో సులభము. నైలాను తీగలు క్రొత్తవి గనుక మొదటి వారము పదిదినములు సాగి సడలుచుండును. చెడిపోయినవనుకొని బిరడలు విరుగద్రిప్పవద్దు. పూటపూటకు శ్రుతి చేసికొన్నచో తరువాత నిలుచును.